గొలుసుకు అంటని గవదబిళ్ళలు

అక్కా, నిద్రపోతున్నావని లేపలేదు. గొర్రెల వెంట పోతున్నా, పొద్దుగూకినాక వస్తా. ఉట్టి మీద జావ ఉంది, మెల్లగా తాగు. పులుపు తినొద్దు, వాచిన దవడలు గుంజుతాయి. నీ చెంబు, గిన్నె వేరే పెట్టినాను. గవదబిళ్ళలు ఎంగిలితోనూ దగ్గుతోనూ అంటుకుంటాయని కాంపౌండరు చెప్పినాడు. వాపు పోయిందాకా పిల్లోళ్ళను దగ్గరికి రానీయొద్దు.

నా కూతురు సుబ్బులుకు చెంపలు వాచినప్పుడు, మెడలో వేస్తే తగ్గుతుందని నీ బంగారు గొలుసు అడిగినాను. "జబ్బు నా గొలుసుకు అంటుకుంటే?" అని పెట్టెలో పెట్టి తాళమేసినావు. బిడ్డ మిగిల్చిన జావ మాత్రం, నేను వద్దంటున్నా, పారబోయడమెందుకని నువ్వే తాగినావు.

నీ తోడికోడలు,
రాములమ్మ

పెట్టె తాళంచెవి కోసం వెతకొద్దు. నా కొంగుకు కట్టుకుపోతున్నా. నీ గొలుసుకు ఈ జబ్బు అంటనిస్తానా అక్కా!