హగరి దాటిన పుట్టి

అనంతపురం,
ఆగస్టు 11

తిప్పయ్య మామకు, నీ పుట్టిలో ఏరు దాటిన జయంతి నమస్కారాలు.

నీ కోడలు జ్యోతి చదివి వినిపిస్తుందని రాస్తున్నాను. ఎదురుగా వచ్చి చెప్పే ముఖం లేదు.

మన హగరి పడవ నడిచే ఏరైతే దాని అడుగు నేల అందరిదీ, నడవనిదైతే గట్టు మీది రైతుది అని కదా కోర్టులో తగాదా. గట్టు మీద పొలమున్న రామదాసు గెలిచి నడి ఏటి దాకా కంచె వేస్తే, ఇసుకలో ఉన్న మన ఊరి మంచినీళ్ల బోరు ఆ కంచె లోపల పడుతుంది. ఇది తెలిసీ, కాలేజీలో భూగోళం చెప్పే నన్ను కోర్టు నివేదిక అడిగితే, ముప్పై ఏండ్ల నీటి పట్టికలు చూసి "హగరిలో పడవ నడిచిన ఆనవాలు లేదు" అని రాసిచ్చినాను.

పట్టికల్లో లేదు మామా. నా కళ్లల్లో ఉండాది. నాకు ఏడేండ్లు. ఏరు రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది, అమ్మకు నొప్పులు. మమ్మల్ని వెదురు పుట్టిలో కూర్చోబెట్టుకుని అవతలి గట్టు ఆసుపత్రికి దాటించినావు. పుట్టి గిరగిరా తిరుగుతుంటే "నీళ్ల తట్టు చూడొద్దు పాపా, నా మీసాల తట్టు చూడు" అన్నావు. ఇది రాయడానికి సిగ్గుపడినాను. చిన్నప్పటి జ్ఞాపకం సాక్ష్యమెట్లా అవుతుందని తోటివాళ్లు నవ్వుతారనుకున్నాను.

మొన్న నువ్వు బోనులో నిలబడితే, రామదాసు లాయరు నా వాక్యమే చదివి, "ఏమప్పా, ఆ ఇసుకలో పడవ నడిపినావా, ఒంటెను తోలినావా?" అన్నాడు. అందరూ నవ్వినారు. వెనక బెంచీలో నేనూ నవ్వినాను. నువ్వు నా వైపు చూసినావు. నా పేరు మాత్రం ఎత్తలేదు.

ఇరవయ్యో తేదీ వాయిదాకు వచ్చి నిజం చెప్పాలని పొద్దున అనుకుంటాను, సాయంత్రానికి వెనక్కి తగ్గుతాను. ఒక్కసారి దాటినంత మాత్రాన అది పడవ నడిచే ఏరవుతుందా? నువ్వే చెప్పు.

నీ ముందు తలెత్తలేని,
జయంతి

హగరి గట్టు,
ఆగస్టు 16

పాపా జయంతికి, మామ తిప్పయ్య చెప్పగా జ్యోతి రాసేది.

నీ నవ్వు చూసినాలే. నీ పేరెత్తితే నీ ఉద్యోగానికి యాడ ఎసరొస్తాదో అని నోరు మూసుకున్నా. ఇంక మూసుకోను. నీ ఉత్తరం మన లాయరుకు ఇచ్చేసినా. కోపం చేసుకుంటే చేసుకో. ఆ పొద్దు కూడా నువ్వు పుట్టి ఎక్కుతా, దిగుతా ఉంటే నేనే రెక్క పట్టి లోపల కూచోబెట్టినా.

ఆ యేడు చవితి నుంచి దసరా దాకా పుట్టి గట్టెక్కనే లేదు. నువ్వు ఒక్కసారి దాటినానని రాసినావు, అది తప్పు. ఎనిమిదో దినం మళ్లా దాటించినా. నువ్వు నిద్రపోయినావు. నీ తమ్ముడు మీ అమ్మ ఒళ్లో ఉన్యాడు.

రెండుసార్లు. జడ్జి ముందర సరిగ్గా చెప్పు.

నీ మామ
తిప్పయ్య వేలిముద్ర