నాన్నను మా హాల్టులో దించండి

గౌరవనీయులైన గార్డుగారికి,

మొన్న మీ ప్యాసింజరు రైల్లో ముళ్లకొమ్మ ఒడిలో పెట్టుకుని కూర్చున్న ముసలామె మనవరాలిని రాస్తున్నాను. దూరాన గనిలో చనిపోయిన మా నాన్న ఆత్మను ఆ రోజు ఆ కొమ్మ మీద ఇంటికి తెస్తున్నాం. ఆయన కోసం టిక్కెట్టు కొన్న కిటికీ పక్క సీటు చూసి మీరు టోపీ తీశారు.

పద్ధతి ప్రకారం నానమ్మ దారంతా ఆయనతోనే మాట్లాడింది. "వెలాఫీ, వంతెన దాటుతున్నాం. నిద్రపోకురా, మొద్దూ!"

ఇంతలో డీజిల్ ఇంజను ఆగిపోయింది. "ఇదిక లేవదు, దిగి బస్సెక్కండి!" అని అందరూ అరిచారు. ఆ తోపులాటలో నానమ్మ కొమ్మతో దిగింది గానీ, నాన్నను దిగమని చెప్పడం మరిచిపోయింది. చెప్పనిదే ఆత్మ కదలదు.

అప్పటినుంచి ఆమె సంకటి ముట్టడం లేదు. "కొమ్మ తేలిగ్గా ఉందే, నా కొడుకు ఇందులో లేడే" అంటోంది. బడిలో రోజూ ఎన్నో కొత్త మాటలు నేర్చుకుంటున్నాను. ఒక్కటీ ఆమెకు పనికి రాలేదు.

ఆ పెట్టె మళ్లీ మా సిలిబో హాల్టుకు వస్తే, ఆ సీటు దగ్గర నిలబడి "వెలాఫీ, ఇల్లొచ్చింది, దిగు" అనండి. నానమ్మ ఆ కొమ్మ పట్టుకుని ప్రతి రైలుకూ ఎదురొస్తోంది.

పచ్చజెండా ఊపేముందు కాస్త ఆగండి. మా నాన్న ఒక్క పిలుపుకు లేచే మనిషి కాదు.

ఇట్లు,
వెలాఫి కూతురు