రెండు దోసిళ్ల పొడి

జమ్మలమడుగు,
ఆగస్టు 21

ప్రియమైన వీరభద్రయ్యకు, సలాం.

నీకు చెవులు వినబడవు కాబట్టి బతికిపోయావు. లేకపోతే ఫోన్ చేసి తిట్టేవాణ్ణి. విత్తనానికి దాచిన రెండు మూటల శనగలూ పుచ్చిపోయాయి. వానలు ముఖం చాటేసినా కాసిన చెట్లను చూసి, మూడేళ్లుగా ఏరిపెట్టిన విత్తనం అది. రేపు పదును దొరికితే చేనులో ఏం చల్లాలి?

నువ్వు బస్సు పార్సిల్లో పంపిన పొడి కలిపితే పురుగు చస్తుందన్నావు. పురుగులు దాన్ని పూసుకుని తిరుగుతున్నాయి. మా ఆవిడ మైమూన్ మూట విప్పి, "ఏందిది, మీ స్నేహితుడు పురుగులకు పౌడరు పంపినాడా?" అంది. నాకు నవ్వు రాలేదు. అది నువ్వు చెప్పిన మట్టి కాదు, బండపొడి. ముప్పై ఏళ్లు పాలిష్ ఫ్యాక్టరీలో నాపబండలు కోసినవాణ్ణి, నాకు తెలియదా?

నీ మీద మండిపడుతున్న,
ఫకీర్ సాహెబ్

పులివెందుల,
ఆగస్టు 25

ప్రియమైన ఫకీర్‌కు,

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు బండపొడి అంటగడతారా? ప్యాకెట్ మీద 'డయాటమ్ మట్టి' అని ఇంతలేసి అక్షరాలతో ఉంది.

మళ్లీ చెబుతా విను. నీళ్లలో కంటికి కనబడని నాచు ఒకటి ఉంటుంది. దాని చుట్టూ గాజులాంటి పెంకు. నాచు చచ్చి, ఆ పెంకులు లక్షల ఏళ్లు అడుగున పేరుకుంటే ఈ మట్టి అవుతుంది. దూదంత తేలిక, నిండా చిల్లులు. అందుకే నీళ్లూ పంచదార పాకమూ వడగట్టడానికి వాడతారు. మన చేతికి మెత్తగా ఉంటుంది కానీ పురుగు ఒంటి మీది మైనాన్ని గీరేస్తుంది. ఒంట్లో నీరంతా ఇంకిపోయి అది చస్తుంది. విషం చుక్క కూడా ఉండదు.

అయితే పొడిగా కలపాలి. మీ అమ్మ కందులకు ఎర్రమన్ను పట్టించినట్టు నువ్వు నీళ్లతో పట్టించి ఉంటావు. చేసేది చేసి నన్నంటావా? ఫ్యాక్టరీలో ఆ దుమ్ము పీల్చీ పీల్చీ నీకు ప్రతి పొడీ బండపొడిలాగే కనబడుతోంది.

తప్పు ఒప్పుకుంటే ఇంకా నీ స్నేహితుణ్ణే,
వీరభద్రయ్య

జమ్మలమడుగు,
ఆగస్టు 30

వీరభద్రయ్యా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నేను తడపలేదు. మైమూన్ నీళ్లు కలుపుదామంటే, "వద్దు, సారు పొడిగానే కలపమన్యాడు" అని ఆపాను. నీ మాట నేను విన్నాను. నా మాట నువ్వు వినలేదు, దానికి చెవుడు కారణం కాదు.

దూదంత తేలిక అన్నావు కదా. నువ్వు పంపిన కిలో నా రెండు దోసిళ్లకే అయిపోయింది. కిలో దూది రెండు దోసిళ్లలో పడుతుందా?

నా దుమ్ము గురించి రాశావు చూడు, అది మాత్రం మరచిపోలేను. నాకు ఆయాసం పట్టించింది ఆ దుమ్మే. దాన్ని వేలితో తాకి గుర్తుపట్టలేనా? మిగిలిన చిటికెడు ఈ కాగితంలో మడిచి పెడుతున్నాను. చదువుకున్నవాడివి, నువ్వే తేల్చు.

ఫకీర్

ప్రొద్దుటూరు బస్టాండు,
సెప్టెంబరు 4

ప్రియమైన ఫకీర్‌కు,

నీ చిటికెడు మీద నిమ్మకాయ పిండాను. బుసబుసా పొంగింది. డయాటమ్ మట్టి ఇసుక జాతి, నిమ్మరసానికి చలించదు. పొంగేది సున్నపురాయి, మీ నాపబండ జాతి. ఏటేటా పిల్లలకు చేసి చూపించిన పరీక్ష ఇది, నీకు పంపేముందు ఒక్క నిమ్మకాయ పిండి చూసుకోలేదు. ప్యాకెట్ మీది అక్షరాలను నమ్మి, నీ వేళ్లను నమ్మలేదు.

పొద్దున్నే ఇక్కడికి వచ్చి, ఆ ప్యాకెట్ కొన్న అంగట్లోనే నలుగురూ చూస్తుండగా ఇంకో ప్యాకెట్ విప్పించి పిండాను. అదీ పొంగింది. "నాకేం తెలుసు సార్, జమ్మలమడుగు కాడి నుంచి వస్తాంది" అన్నాడు అంగడాయన. ఒళ్లు మండిపోయింది ఫకీర్. మీ ఊళ్లో గుట్టలుగా పడి ఉన్నదాన్నే ప్యాకెట్లో పోసి ఇక్కడ అమ్మితే, నేను కొని మళ్లీ మీ ఊరికే పార్సిల్ చేశాను.

వ్యవసాయ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను. సాక్షిగా నీ పేరు రాశాను. వృత్తి అన్నచోట 'రాయి తెలిసినవాడు' అని రాస్తే, క్లర్కు "ఇదేంది సార్?" అన్నాడు. అట్లాగే ఉండనీయమన్నాను.

ఆదివారం వస్తాను. చిల్లు పడని గింజలు ఎన్ని మిగిలితే అన్ని కూర్చుని ఏరుదాం. నాకొక చేట తీసిపెట్టమని మైమూన్‌కు చెప్పు. దుమ్ము గురించి అన్న మాటకు క్షమాపణ ఉత్తరంలో అడగను, నీ ఎదురుగా అడుగుతాను. నువ్వు తిట్టేవన్నీ తిట్టు. చెవులు పోయినా నీ పెదాలు చూసి చదువుకోగలను.

ఎప్పటికీ నీ,
వీరభద్రయ్య