తోపడాల పెట్టెకి గుండ్రటి మూలలు

మన అమ్మాయి క్షేమంగా ఉంది, ముందు ఈ మాట చదివి స్థిమితంగా కూర్చో. ఏడో నెల దాటిందే! పోయిన రెండుసార్లూ ఇంతదాకా రాలేదు కదా, సంతోషంతో నాకు కాలు నిలవడం లేదు. కానీ డాక్టరమ్మ "ఇక మంచం దిగొద్దు" అన్నప్పటి నుంచి అమ్మాయి దగ్గినా పరుగెత్తుకెళ్తున్నాను.

ఊరికే కూర్చోలేక, అల్లుడు చెక్కపని చేసుకునే వెనక గదిలో అతని తోపడాలకి ఒక పెట్టె చేశాను. చిత్రిక పట్టే ఆ సామాను నేల మీద పడుంటే పదును పోతుంది గదా. నిన్న అల్లుడు దాన్ని మంచం దగ్గరికి తెచ్చి మురిపెంగా చూపించాడు. అమ్మాయి లోపల చెయ్యి పెట్టి తడిమింది.

"నాన్నా, నాలుగు తోపడాలకి ఇంత పొడుగు పెట్టా? మూలలు ఇంత గుండ్రంగా ఎందుకూ? ఇనప సామానుకి గుచ్చుకుంటుందా?" అంది.

ఒట్టు, తోపడాల కోసమనే మొదలుపెట్టాను. బిడ్డ భూమ్మీద పడకముందే ఉయ్యాల సిద్ధం చేసేంత తెలివితక్కువవాణ్ణా? చేతులు నా మాట వినలేదే! వెంటనే వెనక్కి పట్టుకుపోయి, నాలుగు తోపడాలూ అందులో సర్ది మూత వేసేశాను. అయినా భయం పోలేదు.

మీ అమ్మకి ఆయాసం తగ్గిందా? నీ మోకాలు ఎలా ఉంది? చిన్నాడికి నా దీవెనలు. ఇంట్లో పాత నూలు బట్టలుంటే మెత్తగా ఉతికి ఉంచు, ఇప్పుడే పంపకు. ఎవరైనా అడిగితే తోపడాలు తుడవడానికని చెప్పు.