నూనె చేతుల గోడ

బుధవారం, పుంగనూరు

మా నాయన చేతిగుర్తును గీకి పారేశారు.

జమీందారు తోటలోని పాత నూనె మిల్లును కల్యాణమండపం చేస్తున్నారు. అక్కడే నేనూ కూలీని. మిల్లు ఆడిన రోజుల్లో ఏటా కొత్త శనక్కాయల తొలి నూనె దిగగానే పనివాళ్లంతా నూనె అరచేతులు లోపలి గోడకు అద్దేవాళ్లు. వాటిలో నాలుగు వేళ్లదే నాయనది. ఆయన చనిపోయాడు, చూసుకోడానికి ఇంట్లో ఫోటో కూడా లేదు.

మధ్యాహ్నం ఇసుక మోసి వచ్చేసరికి మేస్త్రీ గీకే మిషన్ పెట్టేశాడు, సగం గోడ తెల్లబడి ఉంది.

“మరకలకి ఏడస్తాండావేమప్పా? జిడ్డు గోడకి పెయింటు యాడ పట్టుకుంటాది?” అని మేస్త్రీ నవ్వాడు.

“మీ నాయనదయితే మరకంటావా?” అన్నాను. నవ్వు ఆపాడు గానీ మిషన్ ఆపలేదు.

అమ్మకు ఎట్లా చెప్పాలో...

మిగిలిన సగంలో నాయనతో పనిచేసిన మస్తాన్ తాత చెయ్యి ఉంది. ఆయన బతికే ఉన్నాడు. దాని జోలికి పోనని మండపం కట్టిస్తున్న ఓనరు నాకు మాటివ్వాలి. రేపు మిషన్ తిరిగేలోపు.