బస్సు దగ్గర పిలిచిన పేరు

రాజపాళయం,
ఆదివారం సాయంత్రం.

ప్రేమగల అమ్మకు, నీ కూతురు శివరంజని నమస్కారాలు. ఇక్కడ నేనూ అవ్వా బాగున్నాం. కోయంబత్తూరులో నువ్వూ, నువ్వు వండిపెట్టే హాస్టల్ పిల్లలూ బాగున్నారని తలుస్తాను. బాగున్నాం అని రాశాను గానీ, ఆ మాట రాయడానికే చెయ్యి రాలేదమ్మా.

నువ్వు పంపిన తైలం అవ్వ మోకాళ్లకు రాసుకుంటోంది. నేను వేళకు తింటున్నాను. డేటాబేస్ పాఠం అర్థమవుతోందా అని అడిగావు. అయ్యో, అర్థమైందన్న పొగరుతోనే కదా ఇంత పని జరిగింది! నా పేరుతో కంటి ఆపరేషన్ మెసేజ్ నీ ఫోన్‌కు ఎందుకొచ్చిందని మళ్లీ అడిగావు. మొన్న ఫోన్లో అడిగినప్పుడు, తప్పు మెసేజ్ అని తప్పించుకున్నాను. అవ్వ పక్కనే కూర్చుని వింటుంటే ఇంకేం చెప్పను?

మా తమిళ్సెల్వి మిస్ మొదటి క్లాసులోనే చెప్పింది. పట్టికలో ప్రతి మనిషికీ ఇంకెవరికీ లేని గుర్తు ఒకటి ఉండాలి, దాన్ని ప్రైమరీ కీ అంటారు. పేరు పనికిరాదు, ఒకే పేరు ఎందరికో ఉంటుంది. సత్రపట్టిలో ఉచిత కంటి శిబిరానికి పేర్లు ఎక్కించే ప్రోగ్రాం నాకు ప్రాజెక్టుగా ఇచ్చారు. నేను మహా తెలివిగా ఫోన్ నంబర్‌ను ఆ గుర్తుగా పెట్టాను. మన ఆడవాళ్లలో సొంత నంబర్ చెప్పేదెవరమ్మా? కొడుకుదో, అల్లుడిదో, ఎదురింటివాళ్లదో చెబుతారు. అవ్వ నీ నంబర్ చెప్పింది. "ఏమన్నా కావల్నంటే నా బిడ్డని అడగండి, దానికి అంతా తెలుసు" అంది. ఈ వీధుల్లోనే పెరిగాను, అయినా నాకు తట్టలేదు.

శిబిరంలో అదే నంబర్ రెండోసారి వస్తే కంప్యూటర్ ఒప్పుకోలేదు. క్యూ పెరిగిపోతోంది, అందరూ అరుస్తున్నారు. నంబర్ మళ్లీ వస్తే పాత పేరు తీసేసి కొత్త పేరు రాసుకునేలా మార్చేశాను. పని చకచకా సాగింది. "కెట్టిక్కారివే నువ్వు!" అని మిస్ నా తెలివిని మెచ్చుకుంది. చివర్లో ప్రిన్సిపాల్ వచ్చి ఎలా చేస్తున్నావో చూపించమన్నాడు. నా పేరూ వయసూ కొట్టాను. నంబర్ దగ్గర, ఎప్పటిలాగే, నీది కొట్టాను.

మంగళవారం ఆపరేషన్‌కు తీసుకెళ్లే ఆసుపత్రి బస్సు వచ్చింది. అవ్వ తలంటుకుని, నువ్వు తెచ్చిన నీలం చీర కట్టుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆసుపత్రి మనిషి మైకులో పేర్లు చదివాడు. చెల్లమ్మాళ్ అని అవ్వ పేరు చదవలేదు. "శివరంజని, కుడి కన్ను" అన్నాడు. నీ నంబర్ మీద అవ్వ పేరు చెరిగిపోయి నాది పడింది. పేరూ వయసూ నావి, కన్ను అవ్వది. ఆ కన్ను ఈమెదే, ఎక్కించుకోండని బతిమాలాను. లిస్టులో లేనివాళ్లకు ఆపరేషన్ కుదరదన్నాడు. కట్టుగుడ్డలు నేసే తరి దగ్గర పనిచేసే కాళియమ్మాళ్ కూడా కిందే నిలబడిపోయింది. అదే నంబర్ చెప్పిన ఆమె కోడలి పేరు మాత్రం ఉంది. బస్సు వెళ్లిపోయింది.

అవ్వ కంట్లో పొర ముదిరిపోయింది, ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా చూపు రాదని డాక్టర్ ముందే చెప్పాడు. అవ్వ ఇప్పుడు ఎదురుగా ఉన్న చెంబు కోసం తడుముకుంటోంది. తప్పెలా జరిగిందో కాలేజీ రాసిస్తేనే మళ్లీ పిలుస్తామని ఆసుపత్రివాళ్లు అంటున్నారు. మిస్ కాళ్లావేళ్లా పడ్డాను. "నోరు మూసుకొని ఉండవే. ప్రాజెక్టు పోతే నిన్ను నేనే ఫెయిల్ చేయాల" అంది. నా చదువు ఏమైతే అది కానీ అని నిన్న జరిగిందంతా రాసి ప్రిన్సిపాల్‌కు ఇచ్చాను. ఆయన చదివి డ్రాయర్లో పెట్టేశాడు. ఇంక ఎవరి దగ్గరికి పోవాలో తెలియడం లేదమ్మా.

అవ్వకు ఇంకా చెప్పలేదు. "నా పేరు లేకుంటే పోనీ. నా మనమరాలి పేరు మైకులో పిలిచినారు, చూస్తివా!" అని పక్కింటి ఇరులప్పన్ మామతో, పాలు పోసేవాడితో, గడప దాటి వచ్చిన ప్రతివాళ్లతో చెప్పుకుంటోంది. చెబుతూ నన్ను చూసి నవ్వాలనుకుంటుంది. నేను ఏ పక్కన ఉన్నానో కనబడక, గోడ వైపు తిరిగి నవ్వుతుంది.

ఈ ఉత్తరం అందగానే రైలెక్కి రా అమ్మా. ఆ నవ్వు ముందు నిలబడి నిజం చెప్పడం నా ఒక్కదాని వల్ల కావడం లేదు.

ఇట్లు,
అవ్వ కన్ను తన పేరున రాసుకున్న
నీ కూతురు,
శివరంజని