పేరు లేని గ్లాసు

బ్రూక్‌ఫీల్డ్,
ఆదివారం

నాయనకు,

ఫోన్ చేస్తే "తిన్నావా అమ్మా" అని మాట మార్చేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నువ్వే పలక మీద దిద్దించిన అక్షరాలు కదా, ఎట్లా ఉన్నా చదువుకో.

మా అపార్ట్‌మెంట్‌లో శనివారం పొద్దున పిల్లలకు కథలు చదువుతున్నానని చెప్పాను కదా. హక్కులంటే ఏమిటో, పౌరులంటే ఎవరో ఆ కథల్లోనే చెబుతున్నాను. పదకొండు మంది వస్తున్నారు, అందరిలోకీ పెద్దదానికి తొమ్మిదేళ్లు. ఏ కథ చదవాలో ఓట్లేసి తేలుస్తారు. ఓడినవాళ్లు అలిగి వెళ్లకూడదని రూలు కూడా వాళ్లే పెట్టుకున్నారు. హరీశ్ అనేవాడు నాలుగు వారాలుగా ఓడిపోతూనే ఉన్నాడు, అయినా మూతి ముడుచుకుని ముందు వరసలోనే కూర్చుంటాడు. వాళ్లను చూస్తే నాకు కడుపు నిండిపోతుంది నాయనా.

నిన్న ఒక బడి కథ చదివాను. అందులో ఒక పాపను నీళ్ల కుండ ముట్టనివ్వరు, దూరం నుంచి దోసిట్లో పోస్తారు. అట్లా చేయడం నేరమని మన రాజ్యాంగంలోనే ఉందని చెప్పాను. పిల్లలకు భలే కోపం వచ్చింది. అప్పుడు ఏడేళ్ల చైత్ర నన్నే చూస్తూ అడిగింది.

"ఆంటీ, మీ ఇంట్లో ఎవరికైనా అట్లా చేసినారా?"

లేదు అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చేసిందో!

మన పెరటి గోడ గూట్లో బోర్లించిన స్టీలు గ్లాసు నీకు గుర్తుందా? అంట్లు తోమే ఓబులమ్మకు కాఫీ అందులోనే పోసేవాళ్లం. ఇంట్లో గిన్నెలన్నిటి మీదా అమ్మ పేరు కొట్టించి ఉండేది. ఆ ఒక్క గ్లాసు మీద మాత్రం ఏ పేరూ లేదు, మన వాటిలో కలిసిపోకుండా అదే గుర్తు. ఓబులమ్మే దాన్ని కడిగి మళ్లీ గూట్లో పెట్టేది. రోజూ బడికి వెళ్లేముందు నాకు జడలు వేసింది కూడా ఆ చేతులే. నా జుట్టుకు అంటని మైల గ్లాసుకెట్లా అంటుతుందని నేను ఒక్కసారీ అడగలేదు. బడిలో పౌరశాస్త్రంలో మొదటి మార్కు నాదే, చూడు. తలచుకుంటే సిగ్గేస్తోంది.

వచ్చే శనివారం పిల్లలకు నిజం చెప్పాలనుకుంటున్నాను. కానీ అది నీ ఇల్లు, నీ పరువు. నువ్వు వద్దంటే కథలు చదవడమే మానేస్తాను గానీ, ఈ అబద్ధం పెట్టుకుని వాళ్ల ముందు కూర్చోలేను. కోపం వచ్చినా సరే, జవాబు రాయి.

నీ బిడ్డ,
అర్పిత

కబ్బన్‌పేట,
గురువారం

అమ్మా అర్పితా,

నీ ఉత్తరం చదివి మొదట మండిపడ్డాను. కన్నవాళ్లను బజారుకీడుస్తుందా అని మీ అమ్మ ముందు కేకలేశాను. ఆమె పెరట్లోకి వెళ్లి ఆ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. ఓబులమ్మ పని మానేసి ఆరేళ్లయింది, గ్లాసు ఇంకా ఆ గూట్లోనే ఉంది. దాన్ని వేరుగా పెట్టమన్నది మీ అమ్మ కాదు తల్లీ, నేనే. మా నాయన ఇంట్లో చూసిందే చేశాను. తప్పని తెలిసే చేశాను.

నిన్న హొసకోటె బస్సెక్కి ఓబులమ్మ దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు కూతురి ఇంట్లో ఉంటోంది. గడప బయటే నిలబడి, తప్పు చేశానమ్మా అన్నాను. లోపలికి రమ్మని కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. ఆమె ఇచ్చిన గ్లాసు మీద ఓబులమ్మ అని పేరు కొట్టించి ఉంది. నువ్వు పిల్లలకు చెప్పాలనుకుంటున్న సంగతి చెప్పి, నీకిష్టమేనా అని అడిగాను. వద్దంటే బాగుండునని లోపల ఆశ కూడా ఉండింది, నీ దగ్గర దాచడమెందుకు?

"చెప్పమనప్పా, దాచిపెట్టేదానికి ఏముండాది?" అనింది ఆమె. "పనిమనిషి అని మాత్రం చెప్పొద్దను. నా పేరు పెట్టి చెప్పమను."

అందుకే ఆ మాట ముందుగా నీకు రాస్తున్నాను. చెప్పేటప్పుడు ఆ పేరు మనం మరిచిపోకూడదు.

శనివారం నేనూ వస్తాను. ఆ చైత్ర పాపకు జవాబు చెప్పాల్సింది నువ్వు కాదు, నేను. చెప్పాక పిల్లలు నన్ను ఏమన్నా పడతాను. ఓడినవాళ్లు అలిగి వెళ్లకూడదన్నారు కదా, ముందు వరసలో హరీశ్ పక్కన నాకింత చోటు పెట్టు.

మీ నాయన,
వెంకటరాయప్ప